కెనాన్ 200డి కెమెరాకి టూర్‌లో మోయగలిగే లెన్స్ ఏది?

మీరు అడిగింది: 200డితో కుటుంబంతో కలిసి కేరళ వెళ్తున్నారు, 18-135 జూమ్ లెన్స్ కొనాలా, ఇంకేదైనా చిన్నది ఉందా అని.

నన్నడిగితే 24 ఎంఎం ఎఫ్/2.8 పాన్‌కేక్ (బిళ్లలా పలచగా ఉండే, జూమ్ లేని లెన్స్) కొనండి. బరువు 125 గ్రాములే. 18-135 దాదాపు అరకిలో. రెండో రోజుకల్లా అది హోటల్ గదిలోనే ఉండిపోతుంది, రాసిపెట్టుకోండి. యూట్యూబ్‌లో ఇటుక గోడల ఫొటోలు పెట్టి అంచుల్లో షార్ప్‌నెస్ చూపిస్తారు గానీ, మెడనొప్పి గురించి ఒక్కడూ చెప్పడు.

నేను హంపికి గొప్పకి పోయి దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపించే 70-200 ఎఫ్/2.8 లెన్స్ అద్దెకి తీసుకెళ్లాను. అదొక్కటే కిలోన్నర. (తిరిగిచ్చేటప్పుడు ఎప్పటిదో గీత నా ఖాతాలో రాసి డిపాజిట్‌లో కోత పెట్టారు. అది వేరే ఏడుపు.) ఇంకా బరువెందుకని కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్స్ లాడ్జిలో వదిలేశాను. విరూపాక్ష ఆలయంలో గర్భగుడి వెనకవైపు ఒక చీకటి గది ఉంది. గోడకున్న చిన్న కంతలోంచి వెలుతురు వచ్చి, తూర్పున ఉన్న తొమ్మిది అంతస్తుల గోపురం నీడ ఎదురు గోడమీద తలకిందులుగా పడుతుంది. లెన్సే లేని కెమెరా అన్నమాట! నా కిలోన్నర లెన్స్‌లో ఆ నీడ సగం కూడా పట్టలేదు. ఎంఎం ఎంత తక్కువైతే ఫొటోలో అంత వెడల్పు పడుతుంది. ఇది 70 కంటే తగ్గదు, పైగా 200డి సెన్సర్ చిన్నది కాబట్టి అది పెద్ద సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్) కెమెరా మీద 112తో సమానం. వెనక్కి జరుగుదామంటే గోడ, పక్కకి జరుగుదామంటే జనం. ఇంతలో మా బావమరిది నా భుజం మీదుగా చెయ్యి చాపి ఫోన్‌తో టక్కున తీసేసి, "అయిపోయింది, పద బావా" అన్నాడు. ఆ ఫొటో ఇప్పటికీ వాడి వాట్సాప్ డీపీ.

మరుసటి ఏడాది పాన్‌కేక్‌తో మళ్లీ వెళ్లాను. దీనికి చేతి వణుకుని సరిచేసే స్టెబిలైజేషన్ లేదు, ట్రైపాడ్ లోపలికి తీసుకెళ్లనివ్వరు. మోచేతులు గోడకి ఆనించి, ఐఎస్‌ఓ (వెలుతురు చాలనప్పుడు పెంచేది) 3200, షట్టర్ సెకనులో పదిహేనో వంతు పెడితే మూడో క్లిక్‌కి కుదిరింది. ఇంకో లాభం, ఇంత చిన్న లెన్స్ చూసి ఎవరూ "అన్నా, మాక్కూడా ఒకటి తియ్యవా" అనరు. పెద్ద లెన్స్ వేసుకున్నామా, పెళ్లి ఫొటోగ్రాఫర్ బతుకే.

కేరళలో హౌస్‌బోట్ లోపల మీకు జూమ్‌తో పనేముంది? అరిటాకులో సద్య (కేరళ విందు భోజనం) వడ్డిస్తే 16 సెంటీమీటర్ల దూరం నుంచి కూడా ఫోకస్ అవుతుంది. కుమరకంలో పక్షుల్ని తియ్యాలంటే మాత్రం ఇది చాలదు. అయినా పిల్లల్ని వెంటేసుకుని పక్షుల కోసం ఓపిగ్గా కూర్చోగలరా?

సెకండ్ హ్యాండ్‌లో చూస్తుంటే కెమెరాకి తగిలించి, ఆన్ చేసి చూడండి. కెమెరాకి తగిలించకుండా ఫోకస్ రింగు ఎంత తిప్పినా ఫోకస్ కదలదు. పాడైందనుకుని నేను శుభ్రంగా ఉన్న లెన్స్ ఒకటి వదిలేసుకున్నాను.