ప్యాచ్ వేసే రోజు ఆపరేటరును పక్కన కూర్చోబెట్టుకోండి

అరవై ఎక్స్‌టెన్షన్లున్న ఆఫీసు టెలిఫోన్ వ్యవస్థకు సాఫ్ట్‌వేర్ ప్యాచ్‌లు, అంటే లోపాలు సరిచేసే చిన్న మార్పులు, మనమే వేసుకోవచ్చా, వెండరునే పిలిపించాలా అని అడిగారు. ఎవరు వేసినా పరవాలేదు. ఆ సమయంలో మీ ఆపరేటరు ఆ గదిలో ఉండాలి. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

విశాఖపట్నం పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెన్సీ ఆఫీసులో పదిహేడేళ్లుగా ఫోన్లు, కంప్యూటర్లు చూస్తున్నాను. మొదట్లో టెలిఫోన్ కంపెనీ ఇచ్చిన పీఆర్‌ఐ అనే డిజిటల్ లైను ఉండేది, ఆ ఒక్కదాని మీదే ఒకేసారి ముప్పై కాల్స్ నడిచేవి. తర్వాత ఆస్టరిస్క్ అనే ఫోన్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే ఐపీ వ్యవస్థకు, అంటే కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచే ఫోన్లకు, బయటి కాల్స్‌ను అదే తరహాలో తెచ్చే సిప్ ట్రంకు అనే లైనుకు మారాం. మారిన ఏడాదే ఈ సంగతి జరిగింది.

ప్యాచ్‌లు శనివారం రాత్రి వేయాలని అందరూ చెబుతారు. మేమూ అలాగే పదకొండింటికి మొదలుపెట్టాం. వెండరు పంపిన కుర్రాడు అరగంటలో పని పూర్తిచేశాడు. తెర మీద అంతా ఆకుపచ్చ రంగే. ఒక బల్ల మీది ఫోను నుంచి ఇంకో బల్లకు కొట్టాడు, మోగింది, మాట్లాడాడు, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. నేనూ తాళాలు తీసుకోబోతుంటే మా ఆపరేటరు అమ్మగారు ఆపారు. ఆమెను ఎవరూ రమ్మనలేదు. ఆ రాత్రి ఒక ఓడ బెర్తు మీదకు రావాల్సి ఉందని తనంతట తానే వచ్చి కూర్చున్నారు.

"బయటినుంచి ఫోను వచ్చిందా బాబూ?" అన్నారు.

రాలేదు. ఆమె తన మొబైల్ పట్టుకుని మెట్ల మీదకు వెళ్లి, రెండు తలుపులూ మూసి మరీ చేశారు. ఒకే గదిలో ఉంటే ఎదుటివారి గొంతు గాలిలో వినిపించి, ఫోనులోంచే వచ్చిందనుకుంటామని ఆమెకు తెలుసు. బల్ల మీది ఫోను మోగింది. ఎత్తాను. నిశ్శబ్దం. రెండుసార్లు హలో అన్నాను. ఆమె తలుపు తోసుకుని లోపలికి వచ్చి, "నీ మాట నాకు శుభ్రంగా వినబడుతోంది. నా మాట నీకు అందడం లేదు కదా?" అన్నారు.

ఐపీ ఫోన్లలో గంట మోగించే సంకేతం ఒక దారిన వస్తుంది, మాట ఇంకో దారిన వస్తుంది. మొదటిది మామూలుగా 5060 పోర్టు (నెట్‌వర్క్‌లో అంకెతో గుర్తించే ద్వారం) మీద, రెండోది ఆస్టరిస్క్‌లో సాధారణంగా 10000 నుంచి 20000 దాకా ఉండే పోర్టుల మీద. మాట ఏ చిరునామాకు పంపాలో మన వ్యవస్థే అవతలివారికి చెబుతుంది. ప్యాచ్ తర్వాత చూస్తే మా ఆఫీసు బయటి ఐపీ చిరునామా ఉండాల్సిన గడి ఖాళీగా ఉంది. దాంతో మా వ్యవస్థ 192.168తో మొదలయ్యే లోపలి చిరునామానే బయటికి చెప్పింది. అది మా గోడల మధ్య తప్ప ఇంకెక్కడా చెల్లదు. లోపలి కాల్స్ చక్కగా నడవడం, బయటివారి గొంతు మాత్రం మాకు చేరకపోవడం అందుకే.

ఆ బయటి చిరునామా నాకు నోటికి రాదు. అమ్మగారి దగ్గర గళ్ల అట్ట వేసిన ఒక నోటుపుస్తకం ఉంది. ఏ గదికి ఏ ఎక్స్‌టెన్షన్, ఏ నంబరు ఎవరికి మళ్లించాలి, అన్నీ అందులో రాసుకుంటారు. లైను పెట్టిన రోజు సర్వీసు మనిషి ఇచ్చిన చీటీని చివరి పేజీకి జిగురుతో అంటించి ఉంచారు. అందులోంచి అంకెలు ఎక్కించాం. పన్నెండున్నరకు మెట్ల మీదినుంచి ఆమె గొంతు ఫోనులో వినిపించింది. ఓడ కబురు రెండింటికి వచ్చింది.

తర్వాత కాల్ రికార్డులు తీసి చూస్తే మా ఆఫీసులో అన్నిటికన్నా తక్కువ ఫోన్లు వచ్చేది ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య. ఓడలకు శనివారం రాత్రి అన్న లెక్క లేదు. మీరూ మీ రికార్డులు చూసి సమయం పెట్టుకోండి, ఎవరో చెప్పారని వద్దు.

బ్యాకప్ తీసి అదే యంత్రంలో దాచే అలవాటు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. యంత్రమే లేవకపోతే ఆ బ్యాకప్ ఎవరికి? పెన్‌డ్రైవ్‌లోకి తీసి బీరువాలో పెట్టండి. ప్యాచ్‌కు ముందే ఏ ఫోను ఎలా ఉందో కూడా రాసుకోండి. మా ఊళ్లో సముద్రపు గాలికి, ఫోను తీగలు కలిపే క్రోన్ మాడ్యూళ్ల కాంటాక్టులు తుప్పుపట్టి పాత అనలాగ్ ఫోన్లలో గరగర వస్తుంది. ముందే రాసిపెట్టకపోతే మర్నాడు ఆ గరగరంతా ప్యాచ్ ఖాతాలో పడుతుంది.

ప్యాచ్ వేరు, వెర్షన్ మార్చడం వేరు. ఆస్టరిస్క్‌లో సిప్ ఫోన్లను నడిపే పాత చాన్‌సిప్ డ్రైవరును 2023లో వచ్చిన 21వ వెర్షన్‌లో పూర్తిగా తీసేశారు. మీ ఫోన్లు ఇంకా దాని మీదే ఉండి, ఎవరైనా ప్యాచ్ అనే పేరుతో ఆ వెర్షన్‌కు ఎక్కిస్తే తెల్లారేసరికి అరవై ఫోన్లూ మూగబోతాయి. అలాగని ప్యాచ్‌లు మానేయడం ఇంకా ప్రమాదం. 2025 ఆగస్టులో, ఆస్టరిస్క్‌ను వెబ్ పేజీలోంచి నడిపించే ఫ్రీపీబీఎక్స్‌లో బయటపడిన లోపాన్ని పట్టుకుని, అడ్మిన్ పేజీ ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన వ్యవస్థల్లోకి ప్యాచ్ రాకముందే చొరబడ్డారు. ముందు ఆ పేజీని బయటి ప్రపంచానికి మూసేయండి. ఆ తర్వాతే ప్యాచ్ సంగతి. మీ ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) కాగితంలో ప్యాచ్ అన్న మాట ఉందో లేదో కూడా చూడండి. మాదాంట్లో లేదు. ఆ రాత్రికి వేరే బిల్లు కట్టించుకున్నారు.

మా అమ్మగారు వచ్చే మార్చిలో రిటైరవుతున్నారు. ఆ స్థానంలో ఎవరినీ తీసుకోకుండా, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే యంత్రాన్ని పెడతామంటున్నారు. అర్ధరాత్రి లాంచీ మీదినుంచి ఫోను చేసే మనిషి ఆ అంకెలన్నీ విని నొక్కుతాడా? ఆపరేటరు ఉద్యోగం ఉంచమని రెండు పేజీల ఉత్తరం రాసి మేనేజరుగారికి ఇచ్చాను. ఇంకా జవాబు రాలేదు. కొత్త ప్యాచ్ మాత్రం ఈ ఆదివారం మధ్యాహ్నం వేస్తున్నాం. మెట్ల దగ్గర ఆమెకు కుర్చీ వేయించాను.