గానుగ నూనె సంగతి తర్వాత, ముందు ఈసీజీ తీయించుకోండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 49. ఏడాదిన్నర కిందట పీరియడ్స్ ఆగిపోయాయి. మా వారికి షుగర్. ఆయన కోసం అన్నం బదులు కొర్రలు, రిఫైన్డ్ బదులు గానుగ నూనె, మామూలు ఉప్పు బదులు సైంధవ లవణం మొదలుపెట్టాం. ఆయనకి టైమ్‌కి పెట్టి, మిగిలింది నేను మూడింటికి తింటాను. తిండి మారింది కదా అని నా బీపీ టాబ్లెట్ 3 నెలలుగా ఆపేశాను. ఈమధ్య మెట్లెక్కితే ఛాతీ బరువుగా ఉండి దవడ లాగుతోంది, గ్యాస్ టాబ్లెట్ వేసుకుని కూర్చుంటే తగ్గుతోంది. గుండెకి వేరుశనగ నూనె మంచిదా, కొబ్బరి నూనె మంచిదా? - ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, బయట ఓపీలో ఇంకా జనం ఉన్నారు కాబట్టి సూటిగా రాస్తున్నా. నూనె గురించి అడిగారు గానీ నా కన్ను మాత్రం ఆ దవడ దగ్గరే ఆగిపోయింది. మెట్లెక్కితే రావడం, కూర్చుంటే తగ్గడం, ఇది గ్యాస్ లక్షణం కాదు, గుండెకి రక్తం చాలకపోతే ఇలాగే ఉంటుంది. చూడకుండా ఇదే అని నేను తేల్చలేను, రక్తం తక్కువున్నా, థైరాయిడ్ ఉన్నా మెట్లెక్కితే ఇబ్బందిగానే ఉంటుంది, కానీ గుండె కాదని తేలేదాకా గుండే అనుకోవాలి. మీకు తగ్గింది టాబ్లెట్ వల్ల కాదు, కూర్చోవడం వల్ల అయ్యుండొచ్చు. తేన్పు వచ్చి తేలికైంది కదా అనే మాట కూడా రోజూ వింటుంటాను, అది రుజువేం కాదు.

ఆడవాళ్లలో గుండె నొప్పి సినిమాల్లో చూపించినట్టు ఛాతీ పట్టుకుని పడిపోయేలా రావాలనేం లేదు, దవడ, వీపు, రెక్కల మధ్య, వికారం, కారణం లేని నీరసం, ఇలా కూడా వస్తుంది. పోయిన వారమే ఒకావిడ పన్ను పీకించుకుని, అయినా నొప్పి తగ్గక మూడో రోజు మా దగ్గరికొచ్చారు, ఈసీజీ కాగితం బయటికొస్తుంటేనే తెలిసిపోయింది. పన్ను మాత్రం బాగానే ఉండేదట పాపం.

ఇక బీపీ టాబ్లెట్ ఆపేసిన సంగతి. దీని మీద కాస్త కోప్పడతాను, ఏమీ అనుకోకండి. ఈ రోజుల్లో చాలామంది ఆడవాళ్లు మంచి తిండిని నోము పట్టినట్టు పడుతున్నారు, ఇంత నిష్ఠగా తింటున్నాను కాబట్టి ఇక మందులక్కర్లేదు, పరీక్షలక్కర్లేదు అని. తిండి మారితే బీపీ కొంత తగ్గుతుంది, నిజమే, కొందరికి డోసు కూడా తగ్గిస్తాం, కానీ అది నెలా రెండు నెలలు బీపీ కొలిచి చూసి మేం తగ్గించాలి, ఎవరికి వాళ్లు ఆపేయడం కాదు. పైగా పీరియడ్స్ ఆగాక ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గిపోయి అప్పటిదాకా గుండెకి ఉన్న రక్షణ పోతుంది, చెడు కొలెస్ట్రాల్ పెరగడం మొదలవుతుంది, సరిగ్గా ఆ టైమ్‌లో మీరు టాబ్లెట్ ఆపారు. కాన్పుల్లో బీపీ గానీ షుగర్ గానీ వచ్చిందా? మీరు రాయలేదు. వచ్చుంటే ఎన్నేళ్ల కిందటిదైనా సరే డాక్టర్‌కి చెప్పాలి, గుండె రిస్క్ లెక్కలో అదీ ఉంటుంది.

సైంధవ లవణం కూడా ఉప్పే అమ్మా. రంగు మారినా అందులో ఉన్నది సోడియమే, అయోడిన్ కూడా సాధారణంగా ఉండదు. రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక టీస్పూన్ దాటకూడదు, ఆవకాయ, అప్పడం, మజ్జిగలో వేసింది అన్నీ కలిపి. తక్కువ సోడియం ఉప్పు అని ఇంకోటి అమ్ముతున్నారు, కొన్ని రకాల బీపీ టాబ్లెట్లు వాడేవాళ్లకి, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి దాంతో పొటాషియం పెరిగిపోతుంది, అడక్కుండా కొనకండి.

మీ ఉత్తరంలో ఇంకోటి గమనించాను. కొర్రలు ఆయన కోసం, టైమ్ ఆయన కోసం, మీకు మిగిలింది మూడింటికి. అంటే గిన్నెలో అడుగున ఉన్న కాస్త కూర, అది చాలక పచ్చడి, అంతేగా? మీకు కావలసిన పప్పు, ఆకుకూర, పెరుగు, గుప్పెడు పల్లీలు మీ కంచంలోకి ముందే తీసి పెట్టుకోండి. మన రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్లకి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఊరికే రాలేదు.

నూనె అడిగారు కాబట్టి, కొబ్బరి నూనెలో శాచురేటెడ్ కొవ్వు బాగా ఎక్కువ, చెడు కొలెస్ట్రాల్ పెంచుతుంది, రోజూ వంటకి వద్దు. వేరుశనగ, నువ్వులు, రైస్ బ్రాన్ మార్చి మార్చి వాడుకోండి. గానుగదైనా ఫ్యాక్టరీదైనా గ్రాముకి 9 క్యాలరీలే, మంచి నూనె కదా అని ఇంకో గరిటె పొయ్యడమే అసలు తంటా. మనిషికి నెలకి అర లీటర్ చుట్టూ సరిపోతుంది.

ఇప్పుడు చెయ్యాల్సింది. పండగ అయ్యాక, మా వారికి సెలవు దొరికాక అనకుండా రేపే దగ్గర్లో ఫిజీషియన్‌కో కార్డియాలజిస్ట్‌కో చూపించుకోండి. బీపీ, ఈసీజీ, 2డీ ఎకో (గుండె స్కాన్), హిమోగ్లోబిన్, షుగర్, లిపిడ్స్ (రక్తంలో కొవ్వులు), థైరాయిడ్ చూస్తారు. ఊరికే ఉన్నప్పుడు తీసిన ఈసీజీ నార్మల్ వచ్చినా అక్కడితో అయిపోయిందనుకోకండి, ట్రెడ్‌మిల్ లాంటి పరీక్ష కావాలా లేదా అన్నది వాళ్లు చూసి చెప్తారు. అప్పటిదాకా బరువులు, గబగబా మెట్లెక్కడం వద్దు. ఆపేసిన టాబ్లెట్ కూడా 3 నెలల తర్వాత మీ అంతట మీరు మొదలుపెట్టకుండా బీపీ చూపించుకునే వేసుకోండి. ఈలోపు ఊరికే కూర్చున్నప్పుడు బరువుగా అనిపించినా, చెమటలు పట్టినా, 10 నిమిషాల్లో తగ్గకపోయినా 108కి ఫోన్ చెయ్యండి, స్కూటీ వెనక కూర్చుని వెళ్లకండి, పక్కింటివాళ్లిచ్చిన నాలుక కింద బిళ్ల పెట్టుకోకండి.

వెళ్లేటప్పుడు ఆపేసిన బీపీ టాబ్లెట్ స్ట్రిప్పు, ఆ గ్యాస్ టాబ్లెట్ స్ట్రిప్పు రెండూ పట్టుకెళ్లండి. పేరు గుర్తులేదండీ, తెల్లగా చిన్నగా ఉంటుంది అంటే మాకేం అర్థం కాదు.