పాఠకుల ప్రశ్నలు – విండోల అమరిక ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న: క్యూటీ (Qt) అనే ప్రోగ్రామింగ్ ఉపకరణాల సంచయంతో ఒక డెస్క్‌టాప్ అప్లికేషన్ రాస్తున్నాను. మూసేటప్పుడు ప్రధాన విండో స్థానాన్ని, పరిమాణాన్ని సెట్టింగులను దాచే క్యూటీ సదుపాయమైన క్యూసెట్టింగ్స్‌లో భద్రపరచి, మళ్లీ తెరిచినప్పుడు వాటినే వర్తింపజేస్తున్నాను. విండో దాదాపు సరిగానే వస్తోంది గాని, డాక్ ప్యానెళ్లు (విండో అంచులకు అతికించుకొనే ప్యానెళ్లు), టూల్‌బార్లు ప్రతిసారీ మొదటి చోటికే పోతున్నాయి. రెండో మానిటర్ తీసేశాక విండోయే కనబడడం లేదని కొందరు వాడుకరులు అంటున్నారు. లోపం ఎక్కడుందో తెలుపగలరు.

జవాబు: మీరు భద్రపరుస్తున్నది అమరికలో సగం మాత్రమే. విండో తెరమీద ఎక్కడ, ఎంత పెద్దదిగా ఉందన్నది ఒక సమాచారం; దాని లోపల ప్యానెళ్లు, టూల్‌బార్లు ఎలా సర్దుకొని ఉన్నాయన్నది మరొకటి. క్యూటీలో మొదటిదానికి సేవ్‌జామెట్రీ (భద్రపరచేది), రిస్టోర్‌జామెట్రీ (తిరిగి వర్తింపజేసేది) అనే ఫంక్షన్లు ఉండగా, రెండోదానికి ప్రధాన విండోకే చెందిన సేవ్‌స్టేట్, రిస్టోర్‌స్టేట్ ఉన్నాయి. ఈ రెండోది పనిచేయాలంటే ప్రతి డాక్‌కూ, ప్రతి టూల్‌బార్‌కూ ఇతరవాటితో కలవని ఆబ్జెక్ట్‌నేమ్ (ప్రోగ్రాములో వాడే పేరు) ఒకటి ఇచ్చి తీరాలి, ఎందుకంటే ఏ ప్యానెల్ ఎక్కడ ఉండాలో క్యూటీ ఆ పేరునుబట్టే గుర్తుపడుతుంది. ప్యానెళ్లన్నీ సృష్టించిన తర్వాతే రిస్టోర్‌స్టేట్‌ను పిలవండి. మధ్యభాగంలో స్ప్లిట్టర్ (భాగాల మధ్య జరపగలిగే విభజన గీత) ఉంటే దాని స్థితి ఇందులో చేరదు. దాన్ని విడిగా భద్రపరచాలి.

స్థానాన్ని, పరిమాణాన్ని అంకెలుగా మీరే రాసుకోవడం మానేయమని నా గట్టి సలహా. విండో మాగ్జిమైజ్ అయి ఉన్నప్పుడు మూస్తే ఆ నిండు తెర కొలతలే నమోదవుతాయి, అంతకుముందున్న మామూలు పరిమాణం పోతుంది. విండోస్‌లోనైతే మినిమైజ్ చేసిన విండో స్థానాన్ని నేరుగా అడిగితే మైనస్ 32000 అనే అంకె వస్తుంది. దాన్నే దాచుకున్న ప్రోగ్రాము మరుసటిసారి తెరకు ఆవల తెరుచుకుంటుంది. సేవ్‌జామెట్రీ మామూలు పరిమాణాన్నీ, మాగ్జిమైజ్ స్థితినీ వేర్వేరుగా ఉంచుతుంది. భద్రపరచిన చోట ఇప్పుడు తెరే లేకపోతే, రిస్టోర్‌జామెట్రీ విండోను ఉన్న తెరలోపలికి జరుపుతుంది కాబట్టి మీ వాడుకరుల ఫిర్యాదు కూడా చాలావరకు తీరుతుంది. వేలాండ్ అనే తెర ప్రదర్శన వ్యవస్థపై నడిచే లినక్సులో మాత్రం సాధారణ ప్రోగ్రాము తన విండో స్థానాన్ని తానే నిర్ణయించుకోలేదు. అక్కడ పరిమాణం తిరిగి వచ్చినా స్థానం రాకపోవడం మీ లోపం కాదు.

మూసేటప్పుడు మాత్రమే భద్రపరిస్తే ప్రోగ్రాము మధ్యలో ఆగిపోయిన రోజున అమరిక పోతుంది. మార్పు జరిగాక కొద్ది క్షణాలు ఆగి భద్రపరచే టైమర్ ఒకటి పెట్టండి. ప్యానెళ్ల నిర్మాణాన్ని మార్చినప్పుడల్లా సేవ్‌స్టేట్‌కు ఇచ్చే వెర్షన్ సంఖ్యను పెంచితే, పాత అమరికను కొత్త ప్రోగ్రాము తిరస్కరించి తొలి అమరికతో తెరుచుకుంటుంది. మెనూలో ‘తొలి అమరికకు తిరిగి వెళ్లు’ అనే ఆదేశం తప్పనిసరిగా ఉంచండి. ప్యానెల్‌ను పొరపాటున మూసేసిన వారికి దారి చూపేది అదే. వాడుకరి ఓపికగా సర్దుకున్న అమరిక కూడా అతని పనిలో భాగమే. పత్రాన్ని భద్రపరచినంత శ్రద్ధగా దాన్నీ భద్రపరచాలి.

ప్రశ్న: నేను ప్రోగ్రామర్‌ను కాను. విండోస్ 11లో ల్యాప్‌టాప్ నుంచి మానిటర్ తీసేశాక ఒక ప్రోగ్రాము టాస్క్‌బార్‌లో కనిపిస్తుంది గాని తెరమీదికి రావడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ముందుగా టాస్క్‌బార్‌లో దాన్ని ఎంచుకొని ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కి, తర్వాత ఎమ్ నొక్కండి. ఆపైన బాణం మీట ఒకటి ఒక్కసారి నొక్కి మౌస్ కదిపితే విండో దాని వెంట వస్తుంది. విండో మాగ్జిమైజ్ అయి ఉంటే ఈ పద్ధతి పనిచేయదు. అప్పుడు విండోస్ మీట, షిఫ్ట్, ఎడమ లేదా కుడి బాణం కలిపి నొక్కి చూడండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, మల్టిపుల్ డిస్‌ప్లేస్ కింద మానిటర్ కనెక్షన్‌నుబట్టి విండోల స్థానాలను గుర్తుంచుకొనే ఎంపిక ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే, మానిటర్‌ను మళ్లీ తగిలించినప్పుడు విండోలు తమ చోటికి తిరిగి వెళతాయి.