కిల్టు సాక్సుకు గార్టర్లు కుట్టుకుంటానన్న మేనల్లుడికి

చిన్నా,

నీ రూమ్మేటు పెళ్లికి నువ్వు స్కాట్లాండ్ మగవాళ్ల గళ్ల లంగా, అదే కిల్టు, కట్టుకుని వెళ్తున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. అద్దెకు తీసుకుంటే అన్నీ కలిపి ఇచ్చేవాళ్లు. నువ్వేమో సెకండ్ హ్యాండ్‌లో కొన్నావట. అందులో సాక్సు జారకుండా కాలికి కట్టే గార్టర్లు లేవట. ఆ మాత్రం నేనే కుట్టుకుంటానన్నావట. మీ అమ్మ నవ్వుతూ చెప్పింది కానీ నాకు నవ్వు రాలేదు. ముందు గర్వం, వెంటనే టెన్షన్. చొక్కా గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకుని బడికి పోయినవాడివి, ఇప్పుడు సూది పడతానంటున్నావు. సంతోషమే. గ్లాస్గోలో ఇన్నేళ్లుగా నలుగురి బట్టలు సరిచేసి పెడుతున్న అత్తయ్య ఉండగా, వీడియోలు చూసి నేర్చుకోవడమే బాగాలేదు. ఫోన్‌లో చెబితే సగమే వింటావు కాబట్టి రాస్తున్నా.

కావాల్సినవి చాలా తక్కువ. అంగుళం వెడల్పున్న ఎలాస్టిక్ ఒక మీటరు, జానెడు వెల్క్రో, గార్టరు నుంచి వేలాడే ముక్కలకు, అదే ఫ్లాషులకు, కాస్త గుడ్డ, సూదీ దారం. మీటరు రెండు కాళ్లకీ సరిపోయి మిగులుతుంది కూడా. పైజామాలకు వేసే సన్నటి ఎలాస్టిక్ ఇంట్లో పడుంది కదా అని మాత్రం వాడకు.

దానికో కథ ఉంది. మీ మామయ్య మొదటిసారి కిల్టు కట్టింది స్టిర్లింగ్‌లో ఒక పెళ్లికి. ఆయన సంగతి నీకు తెలుసుగా, పౌండు ఖర్చు పెట్టమంటే ప్రాణం పోతుంది. నేను షాపుకు వెళ్లొస్తానన్నా వినలేదు. పాత పైజామాలోంచి పావు అంగుళం ఎలాస్టిక్ లాగి, పొద్దున్నే లేచి, ఒట్టి కాలికి కొలత పెట్టుకుని, రెండు కొసలూ కలిపి రింగుల్లా కుట్టేశాడు. వదులుగా ఉంటే సాక్సు జారిపోతుందని ఒకటికి రెండు వరసలు వేశాడు. చిన్నప్పుడు బళ్లో సాక్సుల మీద రబ్బరు బ్యాండ్లు వేసుకున్న తెలివే అది. సాక్సు జారలేదు, నిజమే. కారులో కూర్చున్నాడు, చర్చిలో కూర్చున్నాడు, భోజనాల దగ్గర కూర్చున్నాడు. సాయంత్రానికి కాళ్లు కాస్త ఉబ్బుతాయి, ఎవరికైనా అంతే. పాదం తిమ్మిరిగా ఉందని నాతో ఒక్క ముక్క అంటే ఒట్టు. చలి అనుకున్నాడట!

రాత్రి డాన్సులు మొదలయ్యాయి. స్ట్రిప్ ది విల్లో నీకు తెలుసు కదా, రెండు వరసల మధ్య ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని గిరగిరా తిరుగుతూ పోవాలి. మూడో మనిషి దగ్గర పాదం మడత పడి, ఎవరో పెద్దావిడ ఒళ్లో పడ్డాడు. అందరూ తాగి పడ్డాడనుకున్నారు. పక్క గదిలోకి తీసుకెళ్లి ఆ రింగులు తీద్దామంటే రావు. మూసి కుట్టిన రింగు పాదం మీదుగానే రావాలి. పాదానికేమో గిల్లీ బ్రోగులనే బూట్లు. వాటి తాళ్లు చీలమండ చుట్టూ తిప్పి తిప్పి కట్టి ఉన్నాయి. వణికే చేతులతో ఆ ముడులు విప్పేసరికి నాకు ఏడుపొచ్చింది. చివరికి వంటవాళ్ల దగ్గర కత్తెర అడిగి కోశాను. కింద చర్మం మీద వేలు పట్టేంత గాడి, ఊదా రంగులో.

రెండు రోజుల్లో ఆయనకు తగ్గిపోయింది. నాకు తగ్గలేదు. మీ తాతయ్య కాలు గుర్తొచ్చింది. నువ్వు అప్పటికి పుట్టలేదు. ఆయనకు షుగరు. చెప్పు పట్టీ ఒరుసుకుని పుండు పడితే నొప్పే తెలియలేదు. తెలిసేసరికి బొటనవేలు తీసేయాల్సి వచ్చింది. నీకు షుగరు లేదు, ఇరవై నాలుగేళ్లవాడివి, అంతా తెలుసు. అయినా మన ఇంట్లో కాళ్ల గురించి నిర్లక్ష్యం పనికిరాదు. విసుక్కోకుండా చదువు.

అసలు కిటుకు ఇది. సాక్సును పట్టి ఉంచేది బిగువు కాదు, చోటు. మోకాలి కింద, పిక్క లావెక్కే ముందు కాలు కాస్త సన్నగా ఉంటుంది. గార్టరు అక్కడ కూర్చుంటే, కిందికి జారాలన్నా పిక్క అడ్డం పడుతుంది. ఉన్ని సాక్సు గరుకు ఎలాగూ ఉంది. కాబట్టి గట్టిగా పిండాల్సిన పనే లేదు. వెడల్పు ఎలాస్టిక్ అయితే ఒత్తిడి ఒక గీతలా కోసుకోకుండా పరుచుకుంటుంది.

కొలత సాయంత్రం తీసుకో. కిల్టు సాక్సు వేసుకుని, నిలబడి, ఆ సన్నటి చోట టేపు చుట్టు. రెండు కాళ్లకీ విడివిడిగా. ఒకే కొలత వస్తుందనుకోకు. ఆ కొలతకు వెల్క్రో ఒకదాని మీద ఒకటి పడేందుకు నాలుగైదు సెంటీమీటర్లు కలిపి కత్తిరించు. వెల్క్రోలో గరుకు ముక్క చిన్నది, మెత్తటి ముక్క పొడుగుది ఉండాలి, గుర్తుపెట్టుకో. గరుకు భాగం ఎప్పుడూ మెత్తటిదాని మీదే పూర్తిగా కూర్చోవాలి. ఒక్క పిసరు బయటికి వచ్చినా ఉన్నిని పీకి పీకి సాక్సు పాడుచేస్తుంది. నా దగ్గరికి అలాంటివి ఎన్ని వచ్చాయో! మెత్తటిది పొడుగ్గా ఉంటే భోజనం తర్వాత కాస్త వదులు చేసుకోవడానికీ వీలు. మిషను ఉంటే జిగ్‌జాగ్ వెయ్యి, లేకపోతే చేత్తోనే దగ్గర దగ్గరగా కుట్టు. కట్టుకున్నాక కింద ఒక వేలు సులువుగా దూరాలి. దూరకపోతే అది గార్టరు కాదు, కట్టు.

ఫ్లాషుల సంగతి. పూర్వం ఇక్కడివాళ్లు పొడుగాటి ఉన్ని పట్టీ కాలికి చుట్టి ముడి వేసేవాళ్లు. ముడి కింద వేలాడే కొసలకు బదులే ఇప్పటి ఫ్లాషులు. ఒక్కో కాలికి అంగుళం వెడల్పు గుడ్డముక్కలు రెండు, కాస్త వాలుగా ఒకదాని మీద ఒకటి. పైన మడిచి చిన్న గొట్టంలా కుట్టి ఎలాస్టిక్ అందులోంచి తీస్తే అటూ ఇటూ జరుపుకోవచ్చు. సాక్సు పైఅంచు గార్టరు మీదికి మడిచాక, దాని కింద రెండంగుళాల లోపే కనిపించాలి. కాలికి బయటివైపు, కాస్త ముందుకు. నీ కిల్టు గళ్లలో, అదే టార్టన్‌లో, ఏదో ఒక గీత రంగు చూసుకో. చారిటీ షాపులో ఉన్ని టై ఒకటి దొరికితే రెండు కాళ్లకీ ఫ్లాషులు వచ్చేస్తాయి.

మంగళగిరి చీర అంచుతో చేసుకోనా అని అడిగావట. ఆలోచన బాగుంది, నాకూ ముచ్చటేసింది. జరీ వద్దు, ఉన్నికి రాసుకుని దారాలు లాగుతుంది. రంగు నూలు భాగం తీసుకుని అంచులు లోపలికి మడిచి కుట్టు. ఎవరైనా ఏమైనా అంటారేమోనని జంకకు. ఇక్కడ కిల్టు కట్టకూడదని 1746లో చట్టం చేశారు, 1782 దాకా అది అలాగే ఉంది. అంత చూసిన ఇక్కడివాళ్లు, వేరే దేశపు కుర్రాడు ఇష్టపడి కట్టుకుంటే సంతోషిస్తారు. మీ మామయ్యను ఆ రాత్రి ఎత్తి కూర్చోబెట్టింది కూడా వాళ్లే.

ఇక కిల్టుతో పాటు పెట్టుకునే ఆ చిన్న కత్తి, స్కీన్ డూ. దాన్ని కుడి సాక్సులో పెట్టి గార్టరు కింద దోపుకుంటారు. పెట్టుకునేటట్టయితే కుడికాలి కొలత దానితో కలిపి తీసుకో, లేకపోతే ఆ కాలు ఒక్కటే బిగుస్తుంది. జాతీయ దుస్తుల్లో భాగంగా ఉంటే చట్టం ఒప్పుకుంటుంది. తెల్లారి జీన్సు వేసుకుని అదే కత్తి జేబులో పెట్టుకుని ఇన్వర్నెస్ వీధుల్లో తిరిగితే ఒప్పుకోదు. విమానంలో చేతి సంచిలోనూ కుదరదు. నన్నడిగితే అసలు వద్దు. అది లేకపోయినా పెళ్లి జరుగుతుంది.

కుట్టడం అయ్యాక ఇంట్లో ఒక సాయంత్రం వేసుకుని గంటసేపు కూర్చో, లే, నాలుగడుగులు గెంతు. విప్పాక లేత గుర్తు ఉంటే పర్లేదు. గాడి పడితే వెల్క్రో వెనక్కి జరిపి కుట్టు. ఆ గుర్తు ఫోటో తీసి నాకు పంపు, మీ అమ్మకు వద్దు, ఊరికే కంగారు పడుతుంది. ఎలాస్టిక్ నా దగ్గర నల్లదీ తెల్లదీ రెండూ ఉన్నాయి. కొలతలు ఆదివారంలోగా పంపితే సోమవారం పోస్టులో వేస్తా.

అత్తయ్య