చెరిపితే సరుకులు మాయం

ప్రశ్న: మా కిరాణా కొట్టుకు ఫ్లటర్‌లో (ఫోన్ యాప్‌లు తయారుచేసే సాధనం) యాప్ రాస్తున్నాను. సరుకుల లిస్టు పైన సెర్చ్ బార్ పెట్టాను. ‘కంది’ అని కొడితే కందిపప్పు వస్తోంది. కానీ చెరిపేశాక మిగతా సరుకులు తిరిగి రావట్లేదు. టూత్‌పేస్ట్ అయితే అసలు దొరకట్లేదు.
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు అసలు లిస్టునే వడపోస్తున్నారమ్మా. ‘రిమూవ్‌వేర్’ అనే ఆజ్ఞ వాడి ఉంటారు. అది పేరు కలవనివాటిని లిస్టులోంచి తీసేస్తుంది, ఇక అవి ఎక్కడి నుంచి వస్తాయి? రెండు లిస్టులు పెట్టుకోండి: ఒకటి మొత్తం సరుకులది, రెండోది తెర మీద కనిపించేది. టెక్స్ట్‌ఫీల్డ్ (మాట కొట్టే పెట్టె) ‘ఆన్‌ఛేంజ్డ్’లో, అంటే అందులో అక్షరం మారినప్పుడల్లా నడిచే చోట, మొదటి లిస్టు మీద ‘వేర్’ (వడపోసేది), ‘కంటెయిన్స్’ (పేరులో ఆ మాట ఉందా అని చూసేది) నడిపి, వచ్చినదాన్ని ‘సెట్‌స్టేట్’ (తెరను మళ్లీ గీయించేది) లోపల రెండోదానికి ఇవ్వండి. మొదటిదాన్ని ముట్టుకోవద్దు. ఖాళీ మాట ప్రతి పేరులోనూ ఉన్నట్టే లెక్క కాబట్టి, చెరపగానే అన్నీ వాటంతటవే వస్తాయి. ‘ఐటమ్‌కౌంట్’ (తెర మీద ఎన్ని వరుసలో చెప్పే సంఖ్య) కూడా రెండో లిస్టుదే ఇవ్వండి, లేకపోతే లిస్టులో లేని వరుసను అడిగినట్టై రేంజ్ ఎర్రర్ వస్తుంది.

టూత్‌పేస్ట్ సంగతి మన తెలుగు యాప్‌లన్నీ పట్టించుకోవాల్సింది. ‘త్’ పక్కన ‘పే’ వత్తుగా మారకుండా మధ్యలో కంటికి కనబడని అక్షరం ఒకటి ఉంటుంది, యూనికోడ్‌లో (అక్షరాలకు కంప్యూటర్లు వాడే సంఖ్యల పట్టిక) దాని సంఖ్య 200సి. ఫోన్‌లో చాలామంది అది లేకుండా ‘టూత్పేస్ట్’ అనే కొడతారు. కంప్యూటర్‌కి ఆ రెండూ వేర్వేరు మాటలు. పోల్చే ముందు సరుకు పేరులోంచీ, వెతికే మాటలోంచీ ‘రీప్లేస్‌ఆల్’తో ఆ అక్షరాన్ని తీసేయండి. చూపించే పేరులో మాత్రం అలాగే ఉంచండి.