షార్ట్ ఫిల్మ్‌కు ప్రభుత్వ గ్రాంటు: రూపాయి రాకపోయినా ఆదాయ నివేదిక పంపాలా?

పంపాలి. యూట్యూబ్‌లో పెట్టిన పన్నెండు నిమిషాల చిత్రానికి ఏమీ రానప్పుడు ఏటా నివేదిక ఎందుకని మీరు అడిగారు. నేనూ అలాగే అనుకుని రెండేళ్లు ఊరుకున్నాను. మూడో ఏడు కొత్త చిత్రానికి దరఖాస్తు పెడితే, పాత లెక్కలు రాలేదంటూ ఫైలు పక్కన పెట్టేశారు.

సరే, కూర్చుని రెండేళ్ల లెక్కా రాశాను. గ్రాంటుతో చెరువుల మీద తీసిన నా డాక్యుమెంటరీకి ఒక చిత్రోత్సవంలో 25,000 రూపాయల బహుమతి వచ్చింది. ఆ సాయంత్రమే కెమెరా, సౌండు కుర్రాళ్లకు పంచేశాను. నిజాయితీగా అదీ రాస్తే, ఒప్పందం ప్రకారం అందులో నలభై శాతం తమ వాటా అన్నారు గ్రాంటిచ్చిన కార్యాలయం వాళ్లు. బహుమతి ఆదాయం ఎలా అవుతుందని వాదించాను. అధికారి విసుక్కోలేదు. ఒప్పందం తొమ్మిదో పేజీ తీసి, 'ఏ రూపంలో వచ్చినా స్థూల రాబడి' అన్న మాటల కింద పెన్సిలుతో గీత గీశారు. పోనీ, చిత్రోత్సవాల ప్రవేశ రుసుములకు, సబ్‌టైటిళ్లకు నేను పెట్టుకున్నదైనా తీసేయమంటే, స్థూలమంటే ఖర్చు తీయకముందు లెక్క కదండీ అని నవ్వారు. పది వేలు జేబులోంచి కట్టాను.

అయితే ముందు మీ కాగితం గ్రాంటుదో, నిర్మాణ కాంట్రాక్టుదో చూసుకోండి. ప్రభుత్వం తన కోసమే తీయించుకున్న చిత్రమైతే, ఒప్పందంలో వేరేగా లేనప్పుడు, కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం తొలి హక్కుదారు ప్రభుత్వమే. గ్రాంటయితే హక్కు సాధారణంగా మీదే, లెక్క చెప్పే బాధ్యతా మీదే.

యూట్యూబ్ సంగతి. మామూలు వీడియోలపై ప్రకటనల వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ (లేదా 90 రోజుల్లో షార్ట్స్ అనే చిన్న వీడియోలకు కోటి వీక్షణలు) ఉండాలి. ఆపైనా 100 డాలర్లు పోగయ్యేదాకా బ్యాంకుకు రాదు. కాబట్టి ఒప్పందం అడ్డు చెప్పకపోతే యూట్యూబ్ తెర మీద చూపే అంకె కాకుండా ఖాతాలో పడిన మొత్తం రాయండి. అమెరికా ప్రేక్షకుల వల్ల వచ్చినదానిపై అక్కడ పట్టుకున్న పన్ను ఉంటే విడిగా చూపండి.

సొసైటీ పేరున కేంద్ర నిధులు తీసుకున్నామన్నారు కదా, వాటిపై బ్యాంకు వేసిన వడ్డీ కూడా మీది కాదు. 2017 సాధారణ ఆర్థిక నియమావళిలోని 230వ నియమం ప్రకారం దాన్ని కేంద్రానికి తిరిగి జమచేయాలి. ఇది చాలామందికి ఆడిట్ అప్పుడే తెలుస్తుంది.

రెండో చిత్రానికి సంతకానికి ముందే ఉత్తరం రాశాను. ఖర్చుల మినహాయింపుకు ఒప్పుకోలేదు గానీ, బహుమతులు రాబడి కిందికి రావని అనుబంధ పత్రంలో చేర్చారు. అడిగితే చేస్తారని నాకు అప్పటిదాకా తెలియదు.

మీ నివేదిక ఒక్క పేజీ చాలు: చిత్రం పేరు, మంజూరు ఉత్తర్వు నంబరు, ఏప్రిల్ నుంచి మార్చి వరకు రాబడి సున్నా, వెనక బ్యాంకు స్టేట్‌మెంటు. నకలు మీద, అందినట్టు వేసే ఇన్‌వార్డు ముద్ర తప్పక వేయించుకోండి. ఆ తరవాత నేను పంపినవి నా ఫైలులో ఆరున్నాయి. ఆరింటిలోనూ సున్నాలే.