సిడ్నీ పార్కులో ఫిట్‌నెస్ క్లాసు: కౌన్సిల్ ఫీజు కట్టాలా?

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. భార్య ఉద్యోగంతో సిడ్నీ వచ్చావు, ట్రైనర్‌గా అనుభవం ఉంది. పర్రమట్టా చుట్టుపక్కల పార్కులో పొద్దున్నే క్లాసులు పెడదామంటే కౌన్సిల్, అంటే ఇక్కడి మున్సిపాలిటీ, పర్మిట్ తీసుకుని ఫీజు కట్టమంటోంది. 'పార్కు అందరిదీ కదా, గడ్డి మీద నిలబడటానికి డబ్బెందుకు' అంటున్నావు. ఎవరూ అడగరు, మొదలుపెట్టెయ్ అని ఫ్రెండ్స్ ధైర్యం చెప్పారట. వాళ్ళలో ఇక్కడ పార్కులో క్లాసు నడిపి ఇల్లు గడుపుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? నేను గడిపాను, ఇప్పటికీ అదే నా వృత్తి. అందుకని కాస్త ఓపిగ్గా విను.

నాకూ మొదట్లో అదే సలహా ఇచ్చారు. ఇంటి దగ్గరి చిన్న పార్కులో పర్మిట్ లేకుండా మొదలుపెట్టాను. కొన్ని వారాల టర్మ్ మొత్తానికి క్లయింట్ల దగ్గర ఫీజు ముందే వసూలు చేసి, ఆ డబ్బంతా కెటిల్‌బెల్స్‌కీ మ్యాట్లకీ పెట్టేశాను. ఒక శనివారం క్లాసు మధ్యలో కౌన్సిల్ రేంజర్ వచ్చి పర్మిట్ చూపించమన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు కానీ క్లాసు ఆపించాడు. వచ్చినవాళ్ళు డబ్బు వెనక్కి అడిగారు, అది న్యాయమే. నా దగ్గర సామాను ఉంది, డబ్బు లేదు. ఆ నెల అద్దె అప్పు చేసి కట్టాను.

ఆ టెన్షన్‌లో పరుగున వెళ్ళి పర్మిట్ తీసుకున్నాను. అక్కడా నష్టపోయాను. ఎక్కువ మంది వస్తారన్న ఆశతో పెద్ద గ్రూపు రేటు కట్టాను, వచ్చింది నలుగురైదుగురు. పైగా పర్మిట్ గడువు జూన్ 30కే అయిపోతుందని గమనించలేదు. ఇక్కడ ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది. నేను తీసుకున్నది చలి మొదలయ్యే ముందు. ఇక్కడ జూన్ అంటే చలికాలం, సిడ్నీలో సూర్యోదయం ఏడు గంటలకి. ఆరింటి క్లాసుకి చీకట్లో, చలిలో ఎవరొస్తారు? ఏడాది ఫీజు కట్టి కొన్ని వారాలే వాడుకున్నాను.

అయినా నన్ను ముంచింది కౌన్సిల్ ఫీజు కాదు. వానకి రద్దైన క్లాసులు, చెప్పకుండా మానేసినవాళ్ళు, పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ (మన క్లాసు వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే పరిహారం ఇచ్చే బీమా), చలికాలంలో పడిపోయిన రాబడి, వీటిలో ఒక్కటీ నేను లెక్కలో వేసుకోలేదు. కౌన్సిళ్ళు కోటి, రెండు కోట్ల డాలర్ల కవర్ ఉన్న ఇన్సూరెన్స్ అడుగుతుంటాయి. ప్రీమియం అంత భయపడేంత ఉండదు కానీ క్లయింట్లు ఉన్నా లేకున్నా కట్టాల్సిందే. ఫీజు, ప్రీమియం, ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ ఖర్చు అన్నీ కలుపు. ఏడాదిలో నిజంగా జరిగే క్లాసులతో భాగించు, క్యాలెండర్‌లో కనిపించే వారాలతో కాదు. వచ్చిన అంకె మొదటి రోజు నుంచే నీ ధరలో ఉండాలి. తర్వాత పెంచుదామంటే తెలిసినవాళ్ళ దగ్గర నోరు రాదు, మనవాళ్ళ దగ్గర అసలు రాదు.

ఇక ఫీజు న్యాయమా అంటే, న్యాయమే అంటాను. రోజూ ఒకే చోట పదిహేను మంది గెంతితే గడ్డి చచ్చిపోతుంది. చెట్లకి తాళ్ళు కడతారు, తెల్లవారకముందే స్పీకర్ పెడతారు, పక్కిళ్ళవాళ్ళు ఫిర్యాదు చేస్తారు. ఆ నేలని బాగుచేసేది ఊరివాళ్ళు కట్టిన డబ్బుతో. దాని మీద సంపాదించే మనం కొంత ఇవ్వడంలో తప్పేముంది? కాకపోతే ఇద్దరికి నేర్పేవాడికీ పెద్ద గుంపుతో బూట్‌క్యాంప్ నడిపేవాడికీ ఒకే రేటు పెట్టే చోట నాకు కోపం వస్తుంది. ఉచితంగా యోగా చెప్పే పెద్దవాళ్ళని ఇందులోకి లాగడం నేను ఒప్పుకోను.

నియమాలు నువ్వే చూసుకోగలవు, క్లుప్తంగా చెప్తాను. న్యూ సౌత్ వేల్స్‌లో కౌన్సిల్ చూసుకునే కమ్యూనిటీ ల్యాండ్, అంటే పార్కుల్లాంటి ప్రజల స్థలం మీద వ్యాపారానికి అనుమతి కావాలని 1993 లోకల్ గవర్నమెంట్ చట్టం సెక్షన్ 68 చెబుతుంది. పర్రమట్టా పార్క్ మాత్రం కౌన్సిల్ చేతిలో లేదు, గ్రేటర్ సిడ్నీ పార్క్‌లాండ్స్ అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ చూస్తుంది, అక్కడ విడిగా అడగాలి. ఏబీఎన్ (ఇక్కడ వ్యాపారానికి ఇచ్చే నంబరు) ఉచితంగా వస్తుంది, డబ్బడిగే ఏజెంట్ల జోలికి పోకు. పర్మిట్ ఫీజు వ్యాపార ఖర్చు కింద పన్నులో చూపించుకోవచ్చు, రసీదు దాచు. నీ వీసాలో పని షరతులు ఒకసారి చదువుకో.

ముందు ఒక చిన్న గ్రూపుకి, అతి తక్కువ రేటున్న పర్మిట్ తీసుకో. వీలైతే జులైలో కట్టు, ఏడాదంతా కలిసొస్తుంది. క్లయింట్ల అడ్వాన్సు వేరే ఖాతాలో ఉంచి, క్లాసు జరిగాకే అందులోంచి తీసుకో. కౌన్సిల్ కొత్త ఏడాది ఫీజుల ముసాయిదాని కనీసం 28 రోజులు ప్రజల ముందు పెడుతుంది. చిన్న ట్రైనర్లకి రేటు తగ్గించమని అప్పుడు రాయి. నేను ఏటా రాస్తున్నాను.